పన్ను, పౌరుడు, పరిభాష: మామిడిపూడి వెంకటరంగయ్య రాజనీతి రచన – ఒక పరిశీలన

తెలుగు వచన వికాసాన్ని గురించిన చర్చల్లో శాస్త్రవచనానికి దక్కిన చోటు స్వల్పం. కథ, నవల, స్వీయచరిత్ర, సాహిత్య విమర్శ పోగా మిగిలిన పుటల్లో 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలిని, దాని వెనుక నిలిచిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావును తలచుకోవడంతో ఆ ప్రకరణం ముగుస్తుంది. ఈ అలవాటు వల్ల నష్టపోయిన రచయితల్లో మామిడిపూడి వెంకటరంగయ్య ముఖ్యుడు. చరిత్రశాఖలు ఆయనను స్వాతంత్ర్యోద్యమ సంపుటాల సంపాదకునిగా ఉదాహరిస్తాయి. రాజనీతిశాఖలు స్థానిక ప్రభుత్వాలపై రాసిన తొలితరం పండితునిగా ఒక వాక్యంలో స్మరిస్తాయి. తెలుగుశాఖలు సాధారణంగా ఆయన జోలికి పోవు. ఆయన రచనను మొత్తంగా ఒకచోట చేర్చి చదివినవారు ఏ శాఖలోనూ ఎక్కువమంది లేరు. అట్లా చదివినప్పుడు ఆ రచనంతటికీ ఆధారమైన ప్రశ్న ఒకటి కనబడుతుంది: పన్ను ఎవరు వేస్తారు, దాన్ని ఖర్చుపెట్టే అధికారం ఎవరిది? ఆ ప్రశ్న ఇంగ్లీషులో ఎంత సూటిగా నిలిచిందో తెలుగులో అంత సూటిగా నిలవలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. అందుకు కారణం రచయిత అశక్తత కాదు. ఆయన చేతికి అందిన పరిభాష, ఆయన ఆధారపడిన పత్రాలు.

వెంకటరంగయ్య 1889లో నెల్లూరు జిల్లా పురిణి గ్రామంలో పుట్టాడు. పురిణి పెన్నకు ఉత్తరాన అల్లూరు ప్రాంతంలోని ఊరు. అదే తీరంలో పెన్నకు దక్షిణాన ముత్తుకూరు, కృష్ణపట్నం ఉన్నాయి. మద్రాసులో చదువు ముగించి, రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రధానాచార్యుడుగా ఉన్న కాలపు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలోను, తరువాత విజయనగరంలోను, నెల్లూరు వి.ఆర్. కళాశాలలోను పనిచేసి, 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేరాడు. పదవీ విరమణ వయసు దాటిన తరువాత బొంబాయి విశ్వవిద్యాలయంలో ఫిరోజ్‌షా మెహతా పేరిట ఉన్న ఆచార్య పీఠాన్ని అధిష్ఠించాడు. 1968లో పద్మభూషణ్ వచ్చింది. ఉద్యోగ జీవిత వివరాలు ఇంతవరకు చాలు. అవి ఇతరత్ర లభ్యమే. వాటిలో గమనించదగినది ఒక్కటే. ఆయన బోధనాజీవితంలో అధికభాగం, మన విశ్వవిద్యాలయాల్లో రాజనీతి స్వతంత్రశాఖగా స్థిరపడని కాలంలో గడిచింది. భారత రాజనీతిశాస్త్ర సంఘం ఏర్పడింది 1938లో. అంతకు ముందు ఈ శాస్త్రం చరిత్రకు, అర్థశాస్త్రానికి పక్కన చదివే ఒక పాఠ్యాంశం మాత్రమే. అందువల్ల ఆ తరం అధ్యాపకుడు ఒకే రోజున మొగలుల పాలనను, ద్రవ్య సిద్ధాంతాన్ని, స్విట్జర్లాండు రాజ్యాంగాన్ని చెప్పవలసి వచ్చేది. ఈ స్థితి లోపమనే అందరూ అంటారు. వెంకటరంగయ్య విషయంలో అదే మేలు చేసిందనడానికి ఆయన తొలి గ్రంథమే సాక్ష్యం.

విదేశానుభవం అనే మాట

ఆచార్యుల జీవిత పరిచయాల్లో విదేశానుభవం ఒక ప్రత్యేక యోగ్యతగా చోటుచేసుకొంటుంది. 1930లలో వాల్తేరులో అది మరింత బలంగా ఉండేది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షుడుగా ఉన్న 1931–36 మధ్య ఆక్స్‌ఫర్డు నుంచి వచ్చిన హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి యువకులు అక్కడ పాఠాలు చెప్పారు. అంతకు ముందూ వెనుకా ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివినవాడు, అర్థశాస్త్రాన్ని తెలుగులో రాసినవాడు. వారితో పోల్చినప్పుడు వెంకటరంగయ్య చదువు మద్రాసు ప్రెసిడెన్సీ ఇచ్చిన చదువు. అయినా 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రచురణగా వచ్చిన ఆయన సమాఖ్య ప్రభుత్వ గ్రంథానికి విషయమే దేశదేశాల సమాఖ్య వ్యవస్థల తులన. భారత ప్రభుత్వ చట్టం అదే సంవత్సరం బ్రిటిష్ పార్లమెంటులో ఆమోదం పొందింది. సంస్థానాలను, రాష్ట్రాలను ఒకే సమాఖ్యలో కూర్చాలన్న ఆ చట్టపు ప్రయత్నం ఆచరణకు రాలేదు గాని, దానిపై చర్చ దేశమంతటా సాగుతున్న రోజులవి. ఆ చర్చకు కావలసిన తులనాత్మక జ్ఞానాన్ని వాల్తేరు నుంచి అందించిన గ్రంథమిది. రాజనీతి అధ్యాపకునికి అంతర్జాతీయానుభవం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఈ పుస్తకం ఒక సమాధానం. పరదేశంలో గడిపిన సంవత్సరాలను లెక్కించడం తేలిక. పరదేశపు సంస్థలను తన ఊరి సంస్థల పక్కన పెట్టి చూడగల దృష్టిని లెక్కించడం కష్టం. పరిచయ పత్రాలు మొదటిదాన్నే నమోదు చేస్తాయి.

అణా సెస్సు

ఆయన రచనల్లో అన్నిటికంటె మౌలికమైనది ఈ సమాఖ్య గ్రంథం కాదు. 1928లో వెలువడిన, మద్రాసు ప్రెసిడెన్సీలో స్థానిక పన్నుల ఆరంభాన్ని పరిశీలించిన చిన్న పుస్తకం. దాన్ని కొనసాగిస్తూ 1939లో బొంబాయి స్థానిక స్వపరిపాలన సంస్థ ప్రచురించిన స్థానిక బోర్డుల చరిత్ర వచ్చింది. ఈ రెండింటి వస్తువు పైకి నీరసమైనది. 1866 నాటి రోడ్డు సెస్సు, 1871 నాటి లోకల్ ఫండ్ చట్టం, 1882లో రిప్పన్ తీర్మానం, 1884 చట్టం, 1920 చట్టం. కాని ఈ వరుసలో ఒక రాజకీయ కథ ఉంది. 1871 చట్టం భూమి శిస్తుపై రూపాయికి ఒక అణాకు మించకుండా సెస్సు వేసే అధికారాన్ని బోర్డులకు ఇచ్చింది. ఆ బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే. సభ్యులు నియమితులు. డబ్బు గ్రామాలది, దాన్ని రోడ్డుకు ఇవ్వాలా, బడికి ఇవ్వాలా, ఆసుపత్రికి ఇవ్వాలా అన్న నిర్ణయం మాత్రం కచేరీది. అంతకు ఒక ఏడాది ముందు, 1870లో, మేయో ప్రభుత్వం కొన్ని శాఖల వ్యయాన్ని రాష్ట్రాలకు బదలాయించింది. రాష్ట్రాలు ఆ భారాన్ని జిల్లాలకు దింపాయి. స్థానిక స్వపరిపాలన మనదేశంలో స్వేచ్ఛాదానంగా పుట్టలేదు, ఖజానా ఇబ్బంది నుంచి పుట్టిందన్న నేటి ప్రసిద్ధ వాదానికి కావలసిన ఆధారాలు ఇక్కడే ఉన్నాయి. రిప్పన్‌ను పితామహునిగా కీర్తించే పాఠ్యపుస్తకాలు ఈ భాగాన్ని దాటవేస్తాయి. పన్నులతో మొదలుపెట్టి బోర్డులకు వచ్చిన వెంకటరంగయ్య క్రమమే సరైన క్రమం. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి ఒకే అధ్యాపకుని చేతిలో ఉండటం వల్ల కలిగిన ప్రయోజనమిది.

ఈ దృష్టితో చూస్తే, నాలుగు దశాబ్దాల తరువాత ఆయన సంపాదకత్వంలో వచ్చిన స్వాతంత్ర్యోద్యమ సంపుటాలు తొలి గ్రంథానికి దూరమైనవి కావు. రాష్ట్రప్రభుత్వం నియమించిన సంఘం పక్షాన 1965 నుంచి వెలువడిన ఆ సంపుటాలు నాలుగు. 1800–1905, 1906–1920, 1921–1931, 1932–1947 వాటి విభజన. మూడవ సంపుటపు కాలంలో ఆంధ్ర ప్రాంతాన్ని కుదిపిన ఘట్టాల్లో రెండు పన్నుకు సంబంధించినవి. చీరాల, పేరాలలను పురపాలక సంఘంగా మార్చినప్పుడు కొత్త పన్నుల భారాన్ని కాదని, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు ఊరు విడిచి రామనగరంలో పాకలు వేసుకొన్నారు. ఆ వెంటనే పెదనందిపాడులో శిస్తు నిరాకరణ సాగింది. చీరాల ఉదంతాన్ని సాధారణంగా త్యాగగాథగా చెబుతారు. స్థానిక పన్నుల చరిత్ర తెలిసినవారికి అది మరొక విధంగా కనిపిస్తుంది. 1871 నుంచి సమాధానం లేకుండా మిగిలిన ప్రశ్నను ఒక ఊరు తన కాళ్ళతో అడిగిన సందర్భమది. స్వపరిపాలన పేరుతో వచ్చిన సంస్థను స్వపరిపాలన కోరేవారే తిరస్కరించిన విచిత్రాన్ని వివరించడానికి 1928 నాటి పుస్తకమే తాళపుచెవి.

బొంబాయిలో ఓటరు

1951–52 సార్వత్రిక ఎన్నికలు దేశంలో మొదటిసారి వయోజనులందరి ఓటుతో జరిగాయి. ఓటర్లు దాదాపు 17 కోట్ల 30 లక్షలు. బొంబాయి నగరంలో ఆ ఎన్నికను వెంకటరంగయ్య అధ్యయనం చేసి 1953లో పుస్తకంగా ప్రకటించాడు. బొంబాయి ఉత్తర నియోజకవర్గంలో అంబేడ్కర్ ఓడిపోయిన ఎన్నిక అదే. ఎన్నికల అధ్యయనం మనదేశంలో ఒక ప్రత్యేక విద్యగా రూపొందడానికి చాలా ముందే, అరవై దాటిన ఆచార్యుడు చట్టసూత్రాలను పక్కన పెట్టి ఒక నగరపు ఓటును పరిశోధన వస్తువుగా స్వీకరించడం గమనార్హం. ఆయన కూర్చున్న పీఠం పేరులో రాజనీతితో పాటు పౌరనీతి కూడా ఉంది. బొంబాయి ఆ రెండు మాటలనూ పక్కపక్కన నిలిపింది. తెలుగు అట్లా నిలపలేదు.

రాజు పోయిన రాజనీతి

ఇక్కడ పరిభాష ప్రస్తావన అవసరం. తెలుగులో ఈ శాస్త్రానికి స్థిరపడిన పేరు రాజనీతి. ఆ మాట వెనుక బద్దెన నీతిశాస్త్రముక్తావళి, మడికి సింగన సకలనీతిసమ్మతము, ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టం ఉన్నాయి. అవన్నీ రాజుకు చెప్పిన నీతులు. సేన, కోశం, దుర్గం, మంత్రి, చారుడు అనే క్రమంలో ఆలోచించే సంప్రదాయమది. పన్ను ఆ సంప్రదాయంలో తేనెటీగ పూలనుంచి తేనె తీసినట్లు రాజు తీసుకోవలసిన భాగం. ఎంత నొప్పి లేకుండా తీయాలన్నదే అక్కడి చర్చ. పన్ను కట్టేవాడికి దాని వ్యయంపై హక్కు ఉందా అన్న ప్రశ్నను ఆ పదజాలం అడగదు. విషయం ప్రతినిధి ప్రభుత్వమైనా, శాస్త్రం పేరులో రాజు మిగిలిపోయాడు. 'పౌరశాస్త్రం' పాఠశాల తరగతులకు పరిమితమై, ఎనిమిదో తరగతి పిల్లవాడు చదివే చిన్న పాఠమన్న భావం స్థిరపడింది. పై తరగతుల్లో రాజు, కింది తరగతుల్లో పౌరుడు!

'రాజ్యం', 'రాష్ట్రం' మాటల సంగతి మరొక చిక్కు. హిందీలో రాష్ట్రమంటే జాతి లేక దేశం. తెలుగులో అది దేశంలోని ఒక విభాగం. హిందీలో ఆ విభాగానికి రాజ్యమని పేరు; తెలుగులో రాజ్యమంటే సర్వాధికార సంస్థ. ఇంతకన్న తీవ్రమైన నష్టం 'సమాఖ్య' విషయంలో జరిగింది. భారతదేశాన్ని 'ఫెడరేషన్' అనకుండా 'యూనియన్' అని ఎందుకన్నామో 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కర్ వివరించాడు. రాష్ట్రాలు ఒప్పందం చేసుకొని కలవలేదు, అందువల్ల విడిపోయే హక్కు వాటికి లేదన్నది ఆ భేదం. తెలుగు పత్రికలు, పాఠ్యగ్రంథాలు ఈ రెండు మాటలకూ తరచుగా సమాఖ్య అనే వాడడం వల్ల ఆ భేదం తెలుగు పాఠకునికి వినబడదు. 1935లో సమాఖ్యలను తులనాత్మకంగా పరిశీలించిన పండితుని భాషలోనే ఇట్లా జరగడం విచారకరం.

ఈ పరిభాషను తీర్చే అవకాశం వెంకటరంగయ్యకు రాకపోలేదు. బెజవాడ గోపాలరెడ్డి, మోటూరి సత్యనారాయణల ప్రోద్బలంతో మద్రాసులో వెలసిన తెలుగు భాషాసమితి విజ్ఞాన సర్వస్వంలో చరిత్రకు, రాజనీతికి సంబంధించిన సంపుటం బాధ్యత ఆయనదే. గోపాలరెడ్డి కూడ నెల్లూరు జిల్లావాడే కావడం యాదృచ్ఛికమైనా చెప్పుకోదగినది. కొమర్రాజు తలపెట్టిన సర్వస్వం 1923లో ఆయన మరణంతో ఆగిపోయింది. సమితి ఆ పనిని విషయానుసారంగా విభజించి మళ్ళీ చేపట్టింది. విషయాల వారీ సంపుటం అకారాది కోశం వంటిది కాదు. అందులో ఒక శాస్త్రాన్ని మొదటినుంచి చివరకు నడిపించవచ్చు, మాటలను ఒకచోట నిర్వచించి మరొకచోట ప్రయోగించవచ్చు. బోధకునికి అనువైన రూపం ఇదే. అయితే సర్వస్వం పని స్వభావతః సమన్వయం. వాడుకలో ఉన్న మాటను తోసిపుచ్చి కొత్త మాటను నిలబెట్టడానికి వ్యక్తి రచనలో ఉండే స్వాతంత్ర్యం సంపాదకత్వంలో ఉండదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, డిగ్రీ తరగతుల్లో తెలుగు మాధ్యమం ప్రవేశించేసరికి పరిభాష దాదాపుగా గడ్డకట్టింది. విద్యార్థులు ఆ మాటలను కంఠస్థం చేశారు. వాటి వెనుక ఉన్న ప్రశ్నలను ఎవరూ వారికి అందించలేదు.

పత్రాగారం గుండా తెలుగు

స్వాతంత్ర్యోద్యమ సంపుటాల నిర్మాణం సరళమైనది. సుదీర్ఘమైన ఉపోద్ఘాతం, దాని వెనుక ఎంపిక చేసిన పత్రాలు. ఉపాధ్యాయుడు పాఠం చెప్పి, మూలాన్ని విద్యార్థి ముందు పెట్టిన పద్ధతి ఇది. 'ఆంధ్రలో స్వాతంత్ర్య సమరము' తెలుగులో ఆ చరిత్రకు కథనరూపం. పరిశోధకులు ఈ సంపుటాలకు ఋణపడి ఉన్నారు. జిల్లా ఉద్యమాలపై వచ్చిన పలు సిద్ధాంత వ్యాసాలు వీటినుంచే బయలుదేరాయి. అయినా ఒక ఇబ్బందిని చెప్పక తప్పదు. ఇటువంటి సంపుటాలు ప్రధానంగా ఆధారపడే పత్రాగారంలో కలెక్టరు లేఖ ఉంటుంది, పోలీసు నివేదిక ఉంటుంది, ప్రభుత్వపు ఉత్తరువు ఉంటుంది. తెలుగువాడి మాట అక్కడ తెలుగులో అరుదు. 1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో మొదలైన ఆంధ్రపత్రిక ఏమి రాశాయో ప్రభుత్వ అనువాదకులు ఇంగ్లీషులోకి సంగ్రహించి వారం వారం పంపిన నివేదికల్లో చదవవలసి వస్తుంది. గరిమెళ్ళ సత్యనారాయణ పాట కూడా ప్రభుత్వానికి ఒక నేరారోపణ పత్రమే. ఆ ఇంగ్లీషు ఆధారంగా రాసిన చరిత్ర మళ్ళీ తెలుగులోకి వచ్చినప్పుడు మాట రెండు అనువాదాలు దాటి ఉంటుంది. సంపాదకీయంలోని ఎత్తిపొడుపు సంగ్రహంలో అభియోగమై, తిరిగి తెలుగులో ఒక పొడి వాక్యమై తేలుతుంది. మూలపత్రికల సంచికలు దొరికిన చోట ఈ మూడు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూడటం తెలుగుశాఖల పరిశోధకులు చేయదగిన పని. చరిత్రశాఖలు దాన్ని తమ పనిగా భావించవు.

పత్రాగారపు రెండవ పరిమితి, ఎవరు అందులో వ్యక్తులుగా కనిపిస్తారన్నది. పెన్నాతీరంలో 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం నివేదికలకెక్కుతుంది. 1930లో ఉప్పు చట్టాన్ని ధిక్కరించినవారి పేర్లు, శిక్షలు ఎక్కుతాయి. అదే తీరంలో ఉప్పుమళ్ళలో పనిచేసినవారు, వలలు లాగినవారు, యానాదులు వ్యక్తులుగా ఎక్కరు. జనసంఖ్యగానో, నేరజాతుల చట్టం కింద నిఘా అవసరమైన సమూహంగానో ఎక్కుతారు. ఈ లోటును పూరించడానికి వేరే పద్ధతి కావాలి. అదే జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో యానాదులపై రాసిన గ్రంథం వారి మధ్య చేసిన సేవ నుంచి పుట్టింది. వెంకటరంగయ్య పద్ధతిలో పన్ను కట్టేవాడికి చోటుంది. పన్ను కట్టేంత ఆస్తి లేనివాడికి చోటు దొరకదు. ఉప్పు విషయంలో ఇది మరీ స్పష్టం. అణా సెస్సు భూమి ఉన్నవాడు కట్టేది. ఉప్పు పన్ను ఏమీ లేనివాడూ కట్టినది.

ముత్తుకూరులో ఒక పరీక్ష

ఈ పరిశీలనలో తేలిన ప్రశ్న నేటికి పనికివస్తుందా లేదా అన్నది ఆ తీరంలోనే చూడవచ్చు. ముత్తుకూరు మండలంలో 2008లో మొదలైన కృష్ణపట్నం ఓడరేవు ఉంది. నేలటూరులో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లతో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది. ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. వేటకు పోయే పల్లెలున్నాయి. రాజ్యాంగం దృష్టిలో ఇవి ఒక ఊరి విషయాలు కావు. ప్రధాన ఓడరేవులు కేంద్రజాబితాలోవి. కృష్ణపట్నం వంటి తక్కిన రేవులు ఉమ్మడి జాబితాలోవి. విద్యుత్తు కూడ ఉమ్మడి జాబితాలోదే. చేపల వేట మాత్రం 1992 నాటి 73వ సవరణ చేర్చిన పదకొండవ షెడ్యూలులోని 29 అంశాల్లో ఐదవది, అంటే పంచాయతీలకు అప్పగించదగినది. నీళ్ళలోని చేప పంచాయతీ పరిధిలోకి రావచ్చు. అదే నీటిపై వచ్చే ఓడ రాదు. వల వేసే చోటు ఓడ దారి అయినప్పుడు ఏ జాబితా గెలుస్తుందో చెప్పనవసరం లేదు. 1935లో దేశాల మధ్య తులనగా సాగిన సమాఖ్య చర్చ ఇక్కడ ఒక మండలంలోపలి విషయం.

పన్ను విషయంలోనూ అంతే. స్థానిక సంస్థల అధికారాన్ని చెప్పే 243-జి, పన్నులను చెప్పే 243-హెచ్ అధికరణాలు రెండూ శాసనసభకు ఐచ్ఛికాధికారాన్నే ఇచ్చాయి. పంచాయతీకి పన్ను విధించే అధికారాన్ని రాష్ట్రం 'ఇవ్వవచ్చును'. 'ఇవ్వవలెను' అని లేదు. పారిశ్రామికవాడల్లో పన్ను వసూలుకు పంచాయతీని తప్పించి వేరే స్థానికాధికార సంస్థను ఏర్పరచే వీలును మన రాష్ట్ర చట్టమే కల్పించింది. 1871లో కలెక్టరు అధ్యక్షతన కూర్చున్న బోర్డుకు, దీనికి మధ్య 120 ఏళ్ళ దూరం ఉంది. ప్రశ్న మాత్రం అదే స్థానంలో ఉంది. సర్పంచు నియమితుడు కాడు, ఎన్నికైనవాడు. అది గొప్ప భేదమే. కాని తన ఊరిలో అన్నిటికన్న పెద్ద ఆస్తిపై ఎంత పన్ను, ఆ పన్ను దేనికి అన్న నిర్ణయం ఆయన చేతిలో ఏమేరకు ఉందో తెలుసుకోవాలంటే మొదట చదవవలసినవి పంచాయతీరాజ్ ప్రసంగాలు కావు, ఆ చట్టపు క్రియాపదాలు.

అటువంటి చదువు తెలుగుశాఖలకు కొత్త కాదు. శాసనాల్లో 'సుంకము', 'పుల్లరి', 'కానిక' మాటలను కాలానుసారంగా పరిశీలించిన సంప్రదాయం వాటికి ఉంది. ఆ పరిశీలన సాధారణంగా విజయనగర కాలం దాటదు. లోకల్ ఫండ్ కాలపు తెలుగు గెజిట్లు, బోర్డుల తీర్మానాలు, ఇంటిపన్ను నోటీసులు వచనచరిత్రకు ఆకరాలుగా ఇంకా పరిశీలనకు రాలేదు. 'సెస్సు' తెలుగులో ఎప్పుడు నిలిచింది, 'శిస్తు' నుంచి 'పన్ను' ఎప్పుడు వేరుపడింది, 'చందా' ఎప్పుడు స్వచ్ఛందమైంది అన్నవి వెంకటరంగయ్య 1928 పుస్తకాన్ని పక్కన పెట్టుకొంటే గాని తేలని విషయాలు. ఆ పుస్తకానికి తెలుగు అనువాదం, కనీసం సంగ్రహం, చేయవలసిన పనుల్లో మొదటిది. 'లోకల్ ఫండ్' అన్న మాటను అందులో ఎట్లా తెలిగించాలో నిర్ణయించుకోవడంతోనే ఆ అనువాదకుని అసలు కష్టం మొదలవుతుంది.